మొదటి ముద్ద

"జామకాయ తిన్నానని కూడా రాసుకోండి మేడం," అంది గోపిక. "స్టేడియం గేటు దగ్గర. ఉప్పూ కారం చల్లించుకుని."

షెర్లీ మేడం రాసుకోలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి టీషర్టు అంచుతో తుడుచుకుంది. నర్సరావుపేట గ్రౌండులో ఏళ్ళ తరబడి పిల్లల చేత దూకించిన కోచ్ ఆమె. అలాంటి మనిషికి నకరికల్లులో ఈ రేకుల పంచలో కూర్చున్నాక ఏం చేయాలో పాలుపోవడం లేదు.

"జామకాయలో ఆ మందు ఉండదు గోపికా. నాకంటే నీకే బాగా తెలుసు."

"తెలుసు మేడం."

"మరి ఎందుకు చెబుతున్నావు?"

"తిన్నవన్నీ చెప్పమన్నారుగా."

గడప లోపల నిలబడి వింటున్న అంకమ్మకు కూతురి గొంతు కొత్తగా వినిపించింది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. అన్నం సరిగ్గా ముట్టని పిల్ల ఇంత నిమ్మళంగా ఎలా మాట్లాడుతోందో ఆ తల్లికి అంతు చిక్కలేదు.

నేషనల్స్‌లో ట్రిపుల్ జంప్ దూకి వెండి పతకం తెచ్చుకున్న రోజే గోపిక దగ్గర పరీక్షకు మూత్రం తీసుకున్నారు. అందులో వాడకూడని మందు ఉందని మొన్న ఢిల్లీ నుంచి కబురు వచ్చింది. ఇక అప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది గానీ కంచాల్లో అన్నం తరగడం లేదు.

"నీళ్ళ సీసా సంగతి చెప్పవే," అన్నాడు గంగయ్య మంచం మీంచి. సున్నపురాయి లారీ నడిపే మనిషి. ఇంట్లో మాట్లాడినా ఇంజను మోతను దాటి వినిపించాలన్నట్టే మాట్లాడతాడు. "పక్కన కూచున్న పిల్ల నీ సీసా పట్టుకుందన్నావుగా. అదే కలిపింది. ఇంకేంది?"

"ఆ అమ్మాయి మూత పెట్టింది నాన్నా. అంతే."

"అదెందుకు పెట్టాలి మూత? నీకు చేతుల్లేవా?"

"గంగయ్యగారూ, కాసేపు ఆగండి," అంది షెర్లీ. "ఇది స్టెరాయిడ్. కీళ్ళనొప్పులకు డాక్టర్లు రాసే మందే. మామూలు వాళ్ళు వాడితే ఎవరూ ఏమీ అనరు. పోటీ రోజున ఆటగాళ్ళ ఒంట్లో ఉండకూడదు. నీళ్ళ సీసాలో కలిపారంటే ఢిల్లీలో పరీక్ష చేసినవాళ్ళు నవ్వుతారు."

"జలుబు చేసినప్పుడు నేను దగ్గుమందు పట్టా. అదేమన్నా..."

"అది కాదండీ."

గంగయ్య కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. తప్పు తనదైనా బాగుండేది, ఎక్కడ ఉందో తెలిసేది కదా అన్నట్టు ఉంది ఆయన వాలకం.

"హోటల్లో ఏం తిన్నావు?" షెర్లీ మళ్ళీ మొదలుపెట్టింది.

"అన్నం, పప్పు, పెరుగు. అమ్మ ఇచ్చిన మునగాకు కారప్పొడి."

అంకమ్మ చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది.

అప్పుడే పక్కింటి పుల్లమ్మ దడి పక్క నుంచి తల పెట్టింది. ఆమె ఎప్పటి నుంచి అక్కడ ఉందో దేవుడికే తెలియాలి. "మునగాకు మా చెట్టుదేగా. నేనేగా కోసిచ్చింది. దానివల్ల కాదుగా అమ్మా? ఆ పాపం నాకు చుట్టుకోదుగా?" అంది మేడంతో.

"మునగాకు మంచిదేనమ్మా."

"అట్టా చెప్పండి. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు." పుల్లమ్మ తల వెనక్కి తీసుకుంది. మొత్తానికి ఆ వీధిలో నిశ్చింతగా నిద్రపోయే మనిషి ఒకరు తేలారు.

"ఇంతకీ ఏమవుద్ది మేడం? చెప్పలేకపోతే ఏం జేస్తారు?" అడిగాడు గంగయ్య.

"నాలుగేళ్ళ దాకా నిషేధం. ఏ పోటీలోనూ దూకకూడదు. పతకం వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆటల కోటాలో రావలసిన ఉద్యోగం కూడా ఇక లేనట్టే."

"దూకకపోతే దూకదు. చదువుకుంటది. చదువులో బంగారు పతకం ఉందిగా మా పిల్లకి." గంగయ్య గోడకేసి చూశాడు. ఆటలో వచ్చిన పతకాన్నీ, బీఫార్మసీలో యూనివర్సిటీ ఫస్టు వచ్చినందుకు ఇచ్చిన పతకాన్నీ ఒకే మేకుకు తగిలించింది ఆయనే. వచ్చిన చుట్టాలందరికీ రెంటినీ కలిపి చూపించేవాడు.

షెర్లీ కూడా ఆ మేకు వైపే చూసింది. తర్వాత మెల్లగా అంది: "ఆ బంగారు పతకమే ఇప్పుడు మన మెడకు చుట్టుకుంది. చదువు రాని పిల్ల తెలియక మింగానంటే నమ్ముతారు. ఈమె చదివిందే మందుల చదువు. ఏ మందు ఒంట్లో ఎన్నాళ్ళుంటుందో పరీక్షల్లో రాసి ఫస్టు వచ్చింది. ఇప్పుడు తెలియదంటే ఎవరు నమ్ముతారండీ?"

పిల్ల బాగా చదవడం కూడా తప్పయ్యే రోజు వస్తుందని గంగయ్య లారీ బుర్రకు ఎప్పుడూ తట్టలేదు.

"ఒకే ఒక్క దారి ఉంది," అంది షెర్లీ. "ఈమెకు తెలియకుండా ఎవరైనా తిండిలో కలిపి పెట్టారని తేలితే వేరు. అప్పుడు తప్పు ఈమెది కాదు, శిక్ష బాగా తగ్గుతుంది. కలిపిన మనిషే వచ్చి చెప్పాలి. జవాబు రేపు సాయంత్రంలోగా పంపాలి."

గోపిక తల వంచుకుని మోకాలు నిమురుకుంటోంది. తల్లి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అంకమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె చేతిలోకి తీసుకుని నిలబడింది.

కలిపింది ఆమే.

అన్న శివరామయ్య గురజాల అవతల పల్లెలో నాటువైద్యుడు. కట్లు కడతాడు, పసర్లు పోస్తాడు. గోపిక ఏడో తరగతిలో మణికట్టు విరగ్గొట్టుకుంటే మినప్పిండీ కోడిగుడ్డు సొనా పట్టించి వెదురుబద్దలతో కట్టు కట్టింది ఆయనే. మొన్న చలికాలంలో ఆ పిల్ల మోకాలు వాచి, గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే అంకమ్మ చూడలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా అన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన చిన్న రేకు డబ్బాలో పొడి పోసి ఇచ్చి, మందు పేరు పైకి అనకూడదన్నాడు. తినే మనిషికి తెలియకూడదన్నాడు. మొదలుపెట్టాక మండలం రోజులూ మొదటి ముద్దలో పడాల్సిందే, మధ్యలో ఆపితే ఎదురు తిరుగుతుందన్నాడు. ఈ షరతులు కొత్తవేమీ కావు. అంకమ్మ తల్లి పాటించింది, ఆమె తల్లీ పాటించింది. ఎందుకని అడిగిన వాళ్ళు ఆ ఇంటా వంటా లేరు.

రోజూ వేడన్నంలో నెయ్యి వేసి, మునగాకు కారప్పొడి చల్లి, దాని మాటున చిటికెడు మందు కలిపి మొదటి ముద్ద కూతురి చేతిలో పెట్టేది. కొన్నాళ్ళకే మోకాలి వాపు తగ్గిపోయింది. అంకమ్మ ఎంత పొంగిపోయిందో చెప్పనలవి కాదు. తీరా పోటీ దగ్గర పడేసరికి గోపిక నోరు బాగాలేదంటూ పొడి వద్దనడం మొదలుపెట్టింది. మండలం ఇంకా పూర్తి కాలేదు. అంకమ్మ గాభరాపడి, డబ్బాలో మిగిలిందంతా ప్రయాణానికి ఇచ్చే కారప్పొడి సీసాలో కుమ్మరించి కలిపేసింది. అక్కడికి వెళ్ళాక మొదటి ముద్ద దీంతోనే తినాలని కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

మందు పేరు పైకి అనకూడదన్నారు కదా. మరి ఇప్పుడు అనాలా, వద్దా? అంటే బిడ్డ బతుకుతుంది, అన్న చెడతాడు. అనకపోతే అన్న బాగుంటాడు, బిడ్డ చెడుతుంది. పైగా అన్న ఇచ్చింది వేర్ల పొడి. డాక్టర్ల మందు అందులోకి ఎక్కడి నుంచి వస్తుంది? ఎటు నుంచి చూసినా ఆమెకు ముడి విడలేదు.

మర్నాడు పొద్దున్నే తాలుకాయలు ఏరడానికి మిరప కల్లానికి వెళుతున్నానని చెప్పి బస్సెక్కింది అంకమ్మ. గంగయ్య ఏ కల్లమని కూడా అడగలేదు.

పిడుగురాళ్ళలో బస్సు మారింది. సున్నపు బట్టీల దుమ్ముతో ఇళ్ళూ చెట్లూ తెల్లబడి ఉన్నాయి. ఆ తెలుపు చూస్తుంటే ఆమెకు డబ్బాలో పొడి గుర్తొచ్చింది. వేర్ల పొడి అంత తెల్లగా ఎందుకుందన్న అనుమానం అన్నాళ్ళూ రాలేదు, ఇప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక వచ్చింది.

శివరామయ్య పంచలో కల్వం ముందేసుకుని ఏదో నూరుతున్నాడు. కాలికి కట్టుతో ఒక ముసలాయన గోడకానుకుని కునుకుతున్నాడు. చెల్లెల్ని చూసి శివరామయ్య ముఖం విప్పారింది.

"ఏందమ్మాయ్, చెప్పాపెట్టకుండా? కోడలు బాగుందా? పేపర్లో ఫోటో చూశా. మా ఊరోళ్ళందరికీ చూపించా."

"అన్నా, ఆ పొడిలో ఏముంది?"

"ఏముంటది? వేర్లు."

"వేర్లేనా?"

"కాక?"

"గోపిక మూత్రంలో డాక్టర్ల మందు దొరికిందంట. కీళ్ళనొప్పుల మందంట. నాలుగేళ్ళు ఆడనియ్యరంట దాన్ని."

నూరడం ఆగింది. ముసలాయన కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. శివరామయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నొప్పి తొందరగా తగ్గాలన్నది నువ్వేగా," అన్నాడు చివరికి. "పోటీ ఉంది, నెల కూడా లేదంటివి. నా వేర్లు నిదానంగా పనిజేస్తయి. ఇప్పుడెవరు ఆగుతున్నారు? కట్టు కట్టిన మర్నాడే లేచి నడవాలంటారు. లేకపోతే ఈడికెందుకు వచ్చామంటారు."

"అందుకని?"

"బలం పొడని ఒకాయన తెచ్చిస్తాడు. చిటికెడు కలిపితే చాలు, మంచాన పడ్డోడు లేస్తన్నాడు. నా కళ్ళతో చూశా."

"అందులో ఏముంది?"

"నాకేం తెలుసు? నేనేమన్నా మీ పిల్లలాగా చదివానా?"

"తెలవని దాన్ని నా బిడ్డకు పెట్టమన్నావా అన్నా?"

శివరామయ్య తల ఎత్తాడు. ఆయన కళ్ళల్లో మోసం కోసం వెతికింది అంకమ్మ. అది దొరికితే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. కానీ అక్కడ తనలో ఉన్న బెదురే కనిపించింది.

"నాకు తెలవదు. నీకూ తెలవదు. తిన్న పిల్లకి అసలే తెలవదు. మరి తప్పెవరిదంటావ్?" అన్నాడాయన.

"అదే మాట నువ్వొచ్చి మేడంతో చెప్పు."

"చెబితే?"

"పిల్ల బయటపడుద్ది."

"నేను లోపల పడతా. పోలీసులొస్తే ఈ కల్వం, ఈ సీసాలు ఏమవుతయో తెలుసా? ఈ చుట్టుపక్కల నా మందు తిన్నోళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? రేపు వాళ్ళంతా వచ్చి మాకేం పెట్టావురా అనడిగితే ఏం జెప్పాల?" గొంతు తగ్గించాడు. "నా పేరు ఎత్తమాక అమ్మాయ్. నువ్వే చేశానని చెప్పుకో. కన్నతల్లివి. నిన్నెవరేమంటారు?"

అంకమ్మకు ఒళ్ళు మండింది. వెంటనే జాలి కూడా వేసింది. అమ్మానాన్నా పోయాక తనకు ముద్దలు కలిపి పెట్టి పెంచిన చేతులివే. ఆ చేతుల్ని తిట్టాలో పట్టుకుని ఏడవాలో తేలక చెప్పులు వేసుకుంది.

"అన్నం తిని పోవే," అన్నాడు వెనక నుంచి.

"వద్దన్నా." ఆ ఇంట్లో అన్నం వద్దనడం ఆమెకు అదే మొదటిసారి. బస్టాండు దాకా ఆ మాటే ఆమె చెవుల్లో గింగురుమంటూ వచ్చింది.

పిడుగురాళ్ళ బస్టాండులో బెంచీ మీద కూర్చుని, గోపిక పెట్టిచ్చిన గుర్తు ప్రకారం రెండో నంబరు మీట నొక్కిపట్టింది. షెర్లీ ఎత్తింది.

"మేడం, నేనే పెట్టా. నాటుమందు. మోకాలికి. కారప్పొడిలో కలిపి పెట్టా. నా బిడ్డకు ఏమీ తెలవదు మేడం."

అవతల షెర్లీ గబగబా అందుకుంది. "అంకమ్మగారూ, ఈ మాట నిన్నే చెప్పి ఉంటే... సరే, చెప్పారు, అది చాలు. గోపికకు తెలియదు కదా? అదే కావాలి నాకు. సాయంత్రం వస్తాను. మీరు చెప్పేది వీడియో తీసి పంపుదాం. ఆ పొడి డబ్బా ఉందా?"

"ఖాళీది ఉంది."

"అడుగున అంటుకున్నదైనా పనికొస్తుంది. జాగ్రత్తగా ఉంచండి."

ఫోను పెట్టేశాక అంకమ్మ బెంచీ మీదే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కబురు వచ్చాక మొదటిసారిగా ఆమెకు ఆకలి కూడా వేసింది. అన్న పేరు ఎత్తలేదు, అడిగినప్పుడు చూసుకోవచ్చనుకుంది.

ఇంటికి వచ్చేసరికి గంగయ్య వాకిట్లోనే ఎదురయ్యాడు. మేడం ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది.

"ఏమే, నువ్వా చేసింది?"

అంకమ్మ తల వంచుకుంది.

"ఆ నీళ్ళ సీసా పిల్లను ఎన్ని తిట్లు తిట్టా నేను. ఇంట్లో నిన్ను పెట్టుకుని." ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు. "నిన్ను నరకాలో, నీకు దణ్ణం పెట్టాలో తెలవడంలా నాకు. పొయ్యి మీద టీ పెట్టు. మేడం వస్తది. నేను పాలు తెస్తా." తువ్వాలు భుజాన వేసుకుని, పిల్ల పెళ్ళి కుదిరినంత హుషారుగా వీధిలోకి నడిచాడు.

అంకమ్మ వంటింట్లోకి వెళ్ళి అటక మీద కారప్పొడి జాడీ వెనక చెయ్యి పెట్టింది. రేకు డబ్బా లేదు. జాడీ దించింది. పక్కన ఉన్న పచ్చడి కుండా దించింది. ఎక్కడా లేదు.

పెరట్లోకి వచ్చింది. గోపిక తొమ్మిదో తరగతిలో ఉండగా గంగయ్య ఒకరోజు లారీడు ఇసుక తెచ్చి వెనకాల పోశాడు. పిల్ల దానిలోకి దూకుతూనే పెరిగింది. సాయంత్రం దూకేది, పొద్దున దాని ఒడ్డునే కూర్చుని చదివేది. ఇప్పుడు కూడా అక్కడే ఉంది, కాళ్ళు ఇసుకలో చాపుకుని. ఒళ్ళో రేకు డబ్బా.

"అది నీకెక్కడ దొరికిందే?" అంది అంకమ్మ.

"ఎప్పుడో దొరికింది."

"ఎప్పుడో అంటే?"

గోపిక డబ్బా మూత తీసింది. మళ్ళీ పెట్టింది. "కూర్చో అమ్మా."

అంకమ్మ కూర్చోలేదు. "మంచాన పడ్డోళ్ళు కూడా లేస్తన్నారని మామయ్య తెలవక కలిపాడే. నేనూ తెలవక పెట్టా. మేడంకి అంతా చెప్పేశా. నీకేం తెలవదని చెప్పా. నువ్వు ఇంక బయటపడ్డట్టే."

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న రోజే తెలుసు. మునగాకు చేదు వేరు. ఆ చేదు వేరు. సెకండియర్ ల్యాబులో ఆ మందు చేత్తో పట్టుకుని, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా టిఫిన్ తిన్నాను ఒకసారి. రోజంతా నాలుక మీంచి పోలేదు." గోపిక గొంతు అదే నిమ్మళంతో ఉంది. "నువ్వు బయటికి వెళ్ళినప్పుడు అటక మీద వెతికా. డబ్బా దొరికింది. చూశాక ఇంక అనుమానం లేదు."

అంకమ్మ ఇసుక ఒడ్డున చతికిలబడింది.

"తెలిసి ఎందుకు తిన్నావే?"

పక్కింట్లో పుల్లమ్మ రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు అయిపోయే దాకా గోపిక ఊరుకుంది.

"నొప్పి తగ్గింది. ఎన్ని నెలల తర్వాతో గోడ పట్టుకోకుండా మెట్లు దిగా. రేపు మానేద్దాం, రేపు మానేద్దాం అనుకుంటూ తిన్నా. పెట్టేది అమ్మ, నేను అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు అనుకున్నా. నువ్వు దాచిపెట్టి పెడుతున్నావు కదా, నేను తెలియనట్టు తినడం ఎంత తేలికో నీకు తెలియదమ్మా."

అంకమ్మ కూతురి ముఖంలోకి చూసింది. తాను దాచిపెట్టి తినిపించిందనుకుంది. తిన్న పిల్లా తెలిసిన సంగతి దాచిపెట్టే తిన్నది. అన్నాళ్ళూ ఒకే కంచం ముందు కూర్చుని ఇద్దరూ ఒకరికొకరు నాటకమాడారన్న సంగతి ఆమె బుర్రకు ఎక్కడానికే కష్టంగా ఉంది.

"కానీ మానేశాను," అంది గోపిక, గొంతు మొదటిసారి చెదిరింది. "పోటీకి చాలా రోజుల ముందే మానేశా. నోరు బాగాలేదని పొడి వద్దన్నానే, గుర్తుందా? ఒంట్లోంచి పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకుని, ఇంకా నాలుగు రోజులు ఎక్కువే వేసుకుని మానేశా. బయల్దేరే రోజు డబ్బా చూశా. ఖాళీగా ఉంది, నువ్వే పారేశావనుకున్నా. మరి ఒంట్లో ఎట్లా ఉంది? కబురొచ్చినప్పటి నుంచి అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేస్తున్నా. ఎక్కడా తప్పు కనపడట్లేదు. నేను చదివిందే తప్పా, నా ఒళ్ళే అందరిలాంటిది కాదా... పిచ్చెక్కిపోతోందమ్మా నాకు."

అంకమ్మ కూతురి ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూసింది.

"పారెయ్యలేదే."

"మరి?"

"మండలం మధ్యలో ఆపకూడదని మామయ్య చెప్పాడు. నువ్వేమో వద్దంటన్నావు. అందుకని... నీకిచ్చిన సీసాలో కలిపేశా. మిగిలిందంతా."

గోపిక తల్లి వైపు తిరిగింది.

"కారప్పొడి సీసాలోనా?"

"నీకు చేదు తగల్లేదా?"

"సీసాడు పొడిలో కలిస్తే ఏం తగులుతుంది?" గోపిక నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒట్టు వేయించుకున్నావుగా అమ్మా. మొదటి ముద్ద దీంతోనే తినమని. పోటీ రోజు పొద్దున కూడా తిన్నా. తెలిసినన్నాళ్ళూ దొరకలేదు, తెలియకుండా తిన్నప్పుడు దొరికా."

డబ్బాను ఇసుకలో పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మొన్నటి నుంచీ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అంకమ్మ కూతురి వీపు నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేత్తో ముట్టుకోవచ్చో లేదో ఆమెకు తెలియలేదు.

"ఆ దూకింది నేనో, ఈ డబ్బానో కూడా నాకు తెలియట్లేదు," అంది గోపిక ముఖం మీంచి చేతులు తీయకుండానే.

"నువ్వేనే. మందు దూకుద్దా?"

"అయితే మామయ్య మందు తిన్న ఆ మంచం పట్టినవాళ్ళు ఎందుకు లేస్తున్నారు?"

అంకమ్మ డబ్బాకు అంటిన ఇసుకను కొంగుతో తుడిచింది.

"మేడం వీడియో తీస్తానంది," అంది కాసేపటికి. "నీకు తెలుసా, తెలవదా అని అడుగుతారంట. నేనేం జెప్పాలే?"

గోపిక తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో చెప్పబోయింది. వీధిలో స్కూటీ ఆగిన చప్పుడైంది. గంగయ్య గొంతు వీధంతా వినిపించింది: "రండి మేడం, రండి. పాలు చిక్కటియ్యి తెచ్చా."

పంచలో షెర్లీ ఎత్తుపీట మీద రెండు డబ్బాలు పేర్చి ఫోను నిలబెట్టింది. అంకమ్మను దాని ఎదురుగా కూర్చోబెట్టి చెంగు సరిచేసింది. నిన్న చిన్నబోయిన మేడం ముఖం ఈ రోజు తేటపడింది.

"భయపడకండి. మీ పేరు చెప్పి, అమ్మాయికి ఏమవుతారో చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పండి. చివర నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. దానికి మాత్రం సూటిగా ఒక్క మాటలో జవాబు చెప్పాలి. వాళ్ళు చూసేది ఆ ఒక్క మాటే."

గంగయ్య పాలగిన్నె చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాడు. గోపిక వచ్చి గోడ పక్కన, పతకాల మేకు కింద నిలుచుంది.

అంకమ్మ చెప్పింది. మోకాలు వాచిన సంగతి, పొడి తెచ్చిన సంగతి, మొదటి ముద్ద సంగతి, సీసాలో కలిపిన సంగతి. పొడి ఎవరిచ్చారన్న దగ్గర మాట మింగింది. షెర్లీ ఆపలేదు. అది తర్వాత అడుగుతానన్నట్టు తల ఊపింది.

"ఇక చివరి మాట అంకమ్మగారూ. మీరు తిండిలో పొడి కలుపుతున్న సంగతి గోపికకు తెలుసా?"

తెలుసంటే అబద్ధం కాదు. తెలియదన్నా అబద్ధం కాదు. ఇంట్లో తిన్న ముద్దలకు ఒక జవాబు, పోటీ రోజు తిన్న ముద్దకు ఒక జవాబు. ఒక్క మాటలో చెప్పమంటున్నారు.

అంకమ్మ కూతురి వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి తడి ఆరిన ముఖం. ఆ కళ్ళు ఈసారి తప్పుకోలేదు, తల్లినే చూస్తున్నాయి.

"చెప్పమ్మా," అంది గోపిక.

ఏది చెప్పమంటోందో ఆ తల్లికి అర్థం కాలేదు.